చారల పిల్లి కొలతలు

1948 జూన్ 9, బుధవారం. సూర్యాపేట

కొలతల పుస్తకాన్ని తిరగేసి వెనక నుంచి మొదలుపెట్టాను. ముందు వైపు మా ఆయన రాతలు ఉన్నాయి. ఛాతీ, భుజం, చేయి, మెడ. వెనక వైపు నావి. ఈ వాడలో తెలుగు చదవగలిగిన ఆడదాన్ని నేనొక్కదాన్నే. మగవాళ్లంటారా, సగం ఇళ్లకు తాళాలే.

ఆయన పొద్దున వెళ్లారు. కుట్టిన ఖాకీ నిక్కర్లు పన్నెండు మూట కట్టుకుని కోదాడ వైపు. అవి ఎవరి కోసమో నాకు తెలుసు, ఇక్కడ రాయను. ఆ కబురు లారీల్లో వచ్చి ఊళ్లు తగలబెట్టే సర్కారు మనుషుల చెవిన పడిందని నిన్న బండి కాటయ్య వచ్చి చెప్పాడు. "దర్జీ వీరేశం ఎవలకు కుడుతుండో రాసుకున్నరంట. జర ఊరు ఇడువు అన్నా" అన్నాడు.

గడప దాటుతూ నాతో ఏమన్నారో తెలుసా? "మిషనుకు నూనె ఎయ్యి. పులికి పాలు మరువకు." అంతే! కట్టుకున్నది ఏమైపోతుందన్న మాట లేదు. ఒళ్లు మండి లోపలికి వచ్చేశాను. వీధి మలుపు దాకా చూడలేదు. చూడాల్సింది.

జూన్ 10

పులి అంటే మా పిల్లి. పోయినేడు చిలుకూరు అవతలి గుట్టల నుంచి ఆయనే జేబులో వేసుకుని తెచ్చారు. తల్లి ఇంటిపిల్లి, తండ్రి అడవిపిల్లి అట. ఒళ్లంతా నల్ల చారలు, తోకకు కట్లు, నుదుట విభూతి పెట్టినట్టు మూడు గీతలు. ఆయన కూడా పొద్దున్నే విభూతి పెట్టుకుంటారు. "మా ఇద్దరిదీ ఒకటే మతం" అని నవ్వేవారు. మగది అని ఆయనే చెప్పారు. తోక ఎత్తి చూడనిస్తే కదా నేను అవునో కాదో చెప్పడానికి!

మా అత్తమ్మ ముత్తమ్మ దాని వంక చూడదు. ఆమె అంటే వాడంతా భయం, ఈ పిల్లికి తప్ప.

జూన్ 23

పాలు బర్రెవి కావాలి, అదీ గోరువెచ్చగా. మేకపాలు పోస్తే గిన్నెను కాలితో తోసేస్తుంది. ఎండుచేపలు అన్నంలో కలిపితే చేపలు తిని అన్నం నాకు మిగులుస్తుంది. చెవుల వెనక పిడుదులు ఉంటే వేపనీళ్లు పెట్టి పేలదువ్వెనతో తీశాను. ఆ సేవంతా నోరు మూసుకుని చేయించుకుని, చివర్లో నన్నే కరిచింది. ఎవరి పెంపకం మరి.

పాలు పోసే లంబాడీ కమ్లి దాన్ని చూసి కుండ దించి దండం పెట్టింది. "గిది పిల్లి కాదమ్మా. నొసట మూడు గీతలున్నదాన్ని మా తండాల ఉంచుకోం" అంది.

"ఎందుకుంచుకోరు?"

"ఉంచుకుంటే మనిషి లెక్క జూస్తది."

మధ్యాహ్నం పూట అది ఆయన ముక్కాలి పీట మీద కూర్చుని వీధి వైపు చూస్తుంది. కమ్లి చెప్పాక చూస్తే నిజంగానే మనిషిలా కూర్చుంది. ఎవరన్నా చెప్తే తప్ప కనబడని సంగతులు ఎన్నో.

జూలై 6, మంగళవారం

కాటయ్య వచ్చాడు. నిలబడే ఉన్నాడు, కూర్చోమంటే కూర్చోలేదు. తలగుడ్డలోంచి ఒక పట్టీ తీశాడు. అంగి కాలరు, దాని కింద గుండీల పట్టీ, కత్తితో కోసినది.

"కోదాడ తొవ్వల కల్వర్టు కాడ ముగ్గురిని సంపి పండవెట్టిండ్రు. మొకాలు సూసే తీరుగ లెవ్వు. గీ అంగి సూసి గుర్తువట్టిన. మిగిలింది తేనియ్యలే, ఆల్లే కాలవెట్టిండ్రు."

కాజాలు నావే. కాజా చివర రెండు పోగులు అడ్డంగా వేస్తాను నేను, ఈ జిల్లాలో ఇంకెవ్వరూ వేయరు. ఆయన ఒంటి మీద ఉన్న అంగి అదే. వెళ్లిన రోజు నేనే ఇస్త్రీ చేశాను.

అత్తమ్మ ఏడుస్తూనే ఉంది. నాకు ఏడుపు రాలేదు. పిల్లి వచ్చి ఆ పట్టీని వాసన చూసి, దాని మీద పడుకుంది. తీయబోతే గుర్రుమంది.

జూలై 15, గురువారం

పదో రోజు. మూసీ ఒడ్డున పిట్టకు పెట్టారు. విస్తట్లో అన్నం, మేక కార్జం, కల్లు, ఎవరో తెచ్చిన కాకరకాయ కూర. కాకులు వచ్చాయి. తుమ్మచెట్టు మీద పదీ పన్నెండు కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు.

అత్తమ్మ కొంగు పట్టి బతిమాలింది. "నీ పెండ్లాన్ని నేను సూసుకుంట బిడ్డా. నీ మిషను అమ్మనియ్య. ముట్టు బిడ్డా!" కాకి ముట్టలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. మెతుకు మీద ఈగ వాలిన చప్పుడు కూడా వినబడేట్టుంది.

అప్పుడు బండి వైపు నుంచి మా పులి నడిచొచ్చింది. ఊరి నుంచి రెండు మైళ్లు! ఎవరి వంకా చూడలేదు. నేరుగా విస్తరి దగ్గర కూర్చుని కార్జం తిన్నది, అన్నం తిన్నది, మూతి తుడుచుకుంది. కాకరకాయ ముట్టలేదు. ఆయనకూ కాకరకాయ పడదు.

కులపెద్ద ముసలాయన చేతికర్ర ఎత్తి పిల్లిని చూపించాడు. "ముట్టిండు! వీరేశం పిల్లిల జొచ్చిండు" అన్నాడు. అందరూ రెండడుగులు వెనక్కి వేశారు.

నా గాజులు పగలగొట్టడానికి రాయి సిద్ధంగా ఉంది. అత్తమ్మ ఆ రాయిని ఏట్లోకి విసిరేసింది. "పిట్ట ముట్టలే. పిట్ట ముట్టందే గాజులు ముట్టద్దు" అంది.

జూలై 16

పిల్లి కాటయ్య బండిలో గడ్డిలో పడుకుని వచ్చి ఉంటుందని కమ్లి అంటోంది. కమ్లికి అన్నీ తెలుసు మరి.

జూలై 21

అత్తమ్మ కోదాడలో ఉన్న కూతురింటికి వెళ్లింది. నన్నూ రమ్మంది. రాలేనన్నాను. ఇద్దరం వెళ్లిపోతే ఆయనకు పాలెవరు పోస్తారు?

ఆగస్టు 2, సోమవారం

దారం మింగింది. తెల్ల దారం, ఎంత పొడుగో తెలియదు. నోట్లోంచి రెండు అంగుళాలు వేలాడుతోంది. లాగబోయాను. కమ్లి నా చేయి పట్టుకుంది. "గుంజకమ్మా, పేగులు తెగుతయి. నెయ్యి తాపి ఒదిలెయ్." కొస కత్తిరించి, వేలితో నెయ్యి నాకించాను.

ఆగస్టు 5

మూడు పగళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కుట్టుపని ముట్టలేదు. "నాకు ఒక్క మంచిమాట చెప్పకుండా పోయారు కదా, ఈసారైనా చెప్పి పొండి" అని గొడవపెట్టుకున్నాను. కళ్లు మూసుకునే వింది. ఇవాళ దారం కిందనుంచి పడింది. లేచి పాలు తాగింది.

పోలేదు. నా మాట విని ఆగారు. బతికున్నన్నాళ్లలో ఒక్కసారి వినలేదు.

బతికున్నన్నాళ్లలో అని రాశాను. కొట్టేయాలి.

ఆగస్టు 14

టేపు పెట్టి కొలిచాను. మెడ తొమ్మిది. ముక్కు నుంచి తోక కొస దాకా ముప్పైనాలుగు.

పుస్తకం తిప్పి ముందు వైపు చూశాను. ఆయన ఛాతీ కొలత ఆయన చేతిరాతతోనే ఉంది. ముప్పైనాలుగు.

మళ్లీ కొలిచాను. ముప్పైనాలుగే. తోక కొంచెం లాగి పట్టుకోవాలి.

ఆగస్టు 21

పటేలు గారి అంగి కాలరు కుట్టకుండా మిషను మీద వదిలి, మధ్యాహ్నం కాసేపు కునుకు తీశాను. లేచేసరికి మిషను చప్పుడు. పరుగెత్తుకొచ్చి చూస్తే చక్రం ఇంకా తిరుగుతోంది. పులి కింద కాళ్ల పలక మీద కూర్చుని ఉంది. కాలరు పూర్తిగా కుట్టి ఉంది. ఆయన కుట్టే తీరులోనే, అంచుకు అంత దగ్గరగా.

నేను కుట్టలేదు. నా బొటనవేలి మీద సూది గుచ్చుకున్న గాటు ఉంది. అది నిన్నటిదై ఉంటుంది.

ఆగస్టు 29

రెండు కంచాలు పెడుతున్నాను. రెండూ ఖాళీ అవుతున్నాయి.

సెప్టెంబరు 14

పులి లేదు. నిన్న పొద్దున్నుంచీ లేదు. ఆకాశంలో విమానాలు. పెద్ద సైన్యం సరిహద్దు దాటిందని, లారీల వాళ్లు పారిపోతున్నారని అరుపులు. ఎవరు ఎవర్ని గెలిస్తే నాకేంటి? ఊరంతా తలుపులు వేసుకుంటే నేను మాత్రం గిన్నె పట్టుకుని వీధి వీధి తిరిగాను.

సెప్టెంబరు 17, శుక్రవారం

వచ్చారు! చెవి చిరిగి, ఒంటి నిండా మట్టి. యుద్ధానికే వెళ్లి ఉంటారు, ఎప్పుడూ అలాంటి పనులే. పసుపు పెట్టి కట్టాను. రాజ్యం పోయిందట, ఊళ్లో పటాసులు. నేను దేవుడి దగ్గర దీపం పెట్టాను. అది వేరే సంగతికి.

అక్టోబరు 20

పులి నడుము లావైంది. పది రోజులకోసారి కొలుస్తున్నాను, ప్రతిసారీ పెరుగుతోంది. ఇంట్లో ఊరికే కూర్చుంటే ఆయనకూ అంతే, రెండు వారాల్లో లాగు గుండీ పట్టదు. నన్ను చూసే చూపు మాత్రం మారింది. గదిలో నేను ఎటు జరిగితే అటు తల తిప్పుతుంది. వీపు మీద ఆ చూపు తెలుస్తుంది. కుక్కలు మా వీధిలోకి రావడం మానేశాయి.

కమ్లి గడప దాటి లోపలికి రావడం లేదు. బయట నుంచే పాలు పోస్తోంది.

నవంబరు 5, శుక్రవారం

మధ్యాహ్నం పన్నెండు దాటింది. వీధిలో పురుగు లేదు. అరుగు మీద ఎవరో కూర్చున్నట్టు అనిపించి తలుపు తీశాను.

గడ్డం. సగం పెరిగిన గుండు. పై వరుసలో ముందు పళ్లు రెండు లేవు. గోనెసంచి లాంటి చొక్కా. "ఓ నడిగూడెపామె, జర మంచినీళ్లియ్యి" అన్నాడు. మా పుట్టిల్లు నడిగూడెమని అందరికీ తెలుసు.

"ఎవరు నువ్వు?"

"ఎవరేందే? నేను."

మా ఆయన్ని నేను ఏనాడూ నువ్వు అనలేదు. ఈ మనిషిని నువ్వనే అడిగాను. నోరు దానంతట అదే చెప్పింది కదా, పరాయివాడని.

జైల్లో వేశారట. కొత్త ప్రభుత్వం వచ్చాక మొన్న వదిలారట. నడుచుకుంటూ వచ్చాడట. "మా ఆయన అంగి ఎప్పుడో ఇక్కడికి వచ్చేసింది" అన్నాను.

"నా అంగి ఇంకొకాయనకిచ్చిన. సలిజొరంతోని వణుకుతుండె పాపం. నాకు దుప్పటి ఉండె. గా తెల్లారే నన్ను యాడికో తీస్కపోయిండ్రు, ఆయన్ని యాడికో."

ఎంత బాగా అతికించాడు! కుట్టు కనబడకుండా కుట్టేవాళ్లు ఉంటారు మరి.

అప్పుడు నా కాళ్ల పక్కనుంచి పులి బయటికి వెళ్లింది. అతని పాదాలు వాసన చూసింది. ఒళ్లోకి ఎక్కింది. చంకలో తల దూర్చి కళ్లు మూసుకుంది. "పులీ, నువ్వన్న గుర్తువట్టినవా" అని అతను ఏడ్చాడు.

నా ఇంట్లోంచి నా మనిషిని ఎత్తుకుపోవడానికి వచ్చాడు వీడు! మెడ పట్టి లాక్కున్నాను. మోచేయి నుంచి మణికట్టు దాకా చీరేసింది. లోపల పడేసి గొళ్లెం పెట్టాను.

"నువ్వు ఆయనవే అయితే ఛాతీ కొలత చెప్పు."

"ముప్పైనాలుగు. పుస్తకంల నేనే రాసిన. టేపు తే, కొలిసి సూసుకో."

తెచ్చాను. చుట్టూ వేశాను. చొక్కా మీద నుంచే ఇరవై తొమ్మిది. రెండోసారి వేశాను, ఇరవై తొమ్మిదే. అతనికి వేలితో చూపించాను. అంకె వంక చూసి నవ్వాడు.

"ఐదంగులాలు యాడవోయినయే?" అన్నాడు.

నన్నడుగుతాడేంటి! తలుపు వేసేశాను. సాయంత్రం పాలు పోయడానికి వచ్చిన కమ్లి అరుగు దగ్గర కుండ వదిలేసి తలుపు బాదింది. "అమ్మా, అయ్యనే! నీ అయ్యనే గదమ్మా, సూడు!" నీ పని నువ్వు చూసుకో అని తిట్టి పంపాను.

నవంబరు 6

అరుగు మీదే ఉన్నాడు. ఆకలి ఎవరిదైనా ఆకలే కనుక అన్నం పెట్టాను. తిని, కంచం కడిగి, గోడకు ఆనించి బోర్లించాడు. ఆయనా అలాగే బోర్లించేవారు. ఎవరైనా బోర్లిస్తారు.

లోపల పులి తలుపును గోళ్లతో గీకుతూనే ఉంది. అరుపు పిల్లి అరుపులా లేదు.

నవంబరు 7, ఆదివారం

మిలిట్రీ జీపు వచ్చింది. ఇప్పుడు వీళ్లు అడవుల్లోని దళాల వాళ్ల కోసం వెతుకుతున్నారు. కాగితం లేకుండా అరుగు మీద ఉన్న మనిషిని చూసి ఆగారు. జమాదారు హిందీలో అడిగాడు. కొత్తగా వేసిన పోలీసు పటేలు, బయటి ఊరివాడు, నాకు తెలుగులో చెప్పాడు.

"వీరేశం అంటున్నడు. ఈ ఇల్లు నాదే అంటున్నడు. నీ పెనిమిటేనా?"

ఆ మనిషి నా వంక చూశాడు. బతిమాలలేదు. కుట్టుపనిలో నేను దారం ఎక్కించేదాకా ఎదురుచూసినట్టు చూశాడు, తొందరేమీ లేకుండా.

"కాదు. ఆయన ఇంట్లోనే ఉన్నారు" అన్నాను.

లోపల వెతికారు. పిల్లిని చూశారు. మంచం కింద చూశారు. జమాదారు ఏదో అంటే పటేలు నవ్వాడు. నేను చెప్పింది కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. నా చేతిరాత బాగుంటుంది.

జీపు ఎక్కేముందు ఆ మనిషి నా చేయి చూశాడు. "గోరు గాటుకు పసుపు వెట్టుకో" అన్నాడు.

నవంబరు 8

అరుగు ఖాళీ.

నవంబరు 9

పులి గడప మీద కూర్చుని రోడ్డు వైపు చూస్తోంది. పిలిస్తే రాదు. పాలు తాగదు. నా మీద కోపం వచ్చినట్టుంది. దేనికో నాకు తెలియదు.

నవంబరు 14

కోదాడ బస్సులు మళ్లీ తిరుగుతున్నాయట. అత్తమ్మ వచ్చింది. అరుగు గురించి చెప్పలేదు. చెప్పడానికి ఏముంది? ఎవరో వచ్చారు, ఎవరో తీసుకెళ్లారు. కమ్లిని కూడా చెప్పొద్దన్నాను. కమ్లి నా మొహం చూడలేదు.

నవంబరు 19, శుక్రవారం

పొద్దున మిషను కింద గుడ్డల బుట్టలో పులి పడుకుని ఉంది. పక్కన నాలుగు చారల పిల్లలు. తడిగా, కళ్లు మూసుకుని.

నేను బుట్ట ముందు కూర్చుని వాటిని రెండుసార్లు లెక్కపెట్టాను. అత్తమ్మ వచ్చి చూసి, నా వంక చూసి, ఒక్కసారిగా నవ్వింది. పిట్టకు పెట్టిన తరవాత ఆమె నవ్వడం ఇదే మొదలు.

"ఏందే? నా కొడుకు ఈనిండా?"

నవ్వీ నవ్వీ ఆమె ఆగింది. నా మొహంలో ఏం కనబడిందో, పక్కన కూర్చుంది.

"నువ్వు గా ముసలోని మాట నిజమనుకున్నవా? నా కొడుకు పిల్లి ఎందుకైతడే పిచ్చిదానా? పిట్ట ముట్టలేదంటే ఏంది? పెట్టినోళ్లు పెట్టిండ్రు, సచ్చినోడు లేడు. ఇగ ఎవల తరఫున ముట్టాలె? గందుకే గాజులు తియ్యనియ్యలే. నీకూ ఎర్కనే అనుకున్న. గందుకే ఇల్లు ఇడువకుండ కాసుకున్నవనుకున్న."

లేచి వెళ్లి పాలు కాచాను. ఈనిన పిల్లికి రోజుకు మూడుసార్లు పాలు కావాలి.

నవంబరు 20

టేపు టేపే కదా. ఇరవై తొమ్మిది ఇరవై తొమ్మిదే. అత్తమ్మ ఏమైనా అనుకోనీ.

నవంబరు 24, బుధవారం

జైళ్లలోంచి వదిలిపెట్టిన వాళ్లు ఊళ్లోకి వస్తున్నారు. ఇవాళ నలుగురు వచ్చారు, పాత అంగీలు వదులయ్యాయి, బిగించి కుట్టమని. అందరూ ఆయన దగ్గర కుట్టించుకున్న వాళ్లే. పాత కొలతలు పుస్తకంలో ఉన్నాయి.

మొదటాయన పాతది ముప్పైఆరు, ఇప్పుడు ముప్పైఒకటి. రెండో ఆయన ముప్పైఐదు, ఇప్పుడు ముప్పై. మూడో ఆయన్ని కొలిచి అంకె రాసుకోలేదు. నాలుగో ఆయన్ని కొలవలేదు. "మీకెంత తగ్గింది?" అని ఊరికే అడిగాను.

"అందరికీ గంతేనమ్మా. పొద్దుకు ఒక్క జొన్నరొట్టె. ఐదంగులాలు ఆడనే ఇడిసివెట్టి వచ్చినం" అన్నాడు.

నేనే చంపుకున్నాను. ఇంకెవరూ కాదు. వాకిట్లోకి వచ్చిన మనిషిని, నా చేత్తో కొలిచి, నా చేత్తో సంతకం పెట్టి.

నవంబరు 25

ఏమీ రాయలేను.

నవంబరు 29

కాటయ్య కనుక్కున్నాడు. మిర్యాలగూడలో ఊరి బయట క్యాంపు ఉంది, జీపుల్లో పట్టుకున్న వాళ్లంతా అక్కడే. "ఒక్కదానివి పోవుడు మంచిది కాదు సెల్లె. దళం మనిషని రాసుకుంటే పెండ్లాన్ని గూడ రాసుకుంటున్నరు. ఇద్దరు ఆడోళ్లను లోపల్నే కూసోవెట్టిండ్రు" అన్నాడు. బండి కట్టమన్నాను. అత్తమ్మకు గుడ్డ కొనడానికి వెళ్తున్నానని చెప్పాను.

డిసెంబరు 2, గురువారం. మిర్యాలగూడ

నిన్నంతా బండిలోనే. ఇవాళ పొద్దున క్యాంపు. కాటయ్య గేటు బయటే ఎడ్ల దగ్గర నిలబడిపోయాడు. గుమాస్తా తెలుగువాడే, బందరు వైపు యాస.

"భర్త పేరేంటమ్మా?"

నా నోట ఆ పేరు ఏనాడూ రాలేదు. అంటే ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ చెప్పింది. "వీరేశం" అన్నాను. గట్టిగానే అన్నాను.

కాగితాలు తిరగేసి ఒకటి తీశాడు. నా చేతిరాతే. "ఈ సంతకం మీదే కదా? కాదని మీరే రాసిచ్చారుగా?"

"తప్పు రాశాను. దిద్దండి."

"దిద్దడానికి ఇదేమన్నా పలకా అమ్మా? పిలిపిస్తాను. ఆయన నోటితో కూడా అననీండి."

తీసుకొచ్చారు. మునుపటి కంటే చిక్కిపోయారు. ఎండకు కళ్లు చికిలించి చూశారు. నన్ను చూశారు. నా చేతి గాజులు చూశారు. ఆ తరవాత నా వెనక, ముళ్లకంచె పక్కన నేల మీద కూర్చోబెట్టిన ఆ ఇద్దరు ఆడవాళ్లను చూశారు.

"ఈమె నీకేమవుతుంది?" అని గుమాస్తా అడిగాడు.

"ఎర్కలే సారూ."

"నేనండీ!" అన్నాను. "వీరేశం గారూ, నేను! టేపు తప్పు చెప్పింది. ఇటు చూడండి!"

ఆయన నా వంక తిరగలేదు. గుమాస్తాతోనే చెప్పారు. "ఆ పేరుగల్లాయన ఇంట్లనే ఉన్నడని ఈమెనే రాసిచ్చింది గద సారూ. ఎవలో పిచ్చామె లెక్కున్నది. ఈడ కూసోవెట్టకుండ్రి, ఇంటికి పంపుండ్రి."

గుమాస్తా కలం పెట్టి రాసుకున్నాడు. రెండు మాటలూ ఒకటే అయ్యాయన్నాడు. పేరు తెలియని వాళ్ల జాబితాలో ఉంచి, సోమవారం లారీలో పంపిస్తారట. ఎక్కడికో గుమాస్తాకూ తెలియదట.

నన్ను కాపాడటానికి అన్నారో, నేనన్న మాటనే నాకు తిరిగి ఇచ్చారో తెలియడం లేదు. దారంతా అదే ఆలోచిస్తున్నాను. మొదటిదే అయి ఉండాలి. నడిచివెళ్లేటప్పుడు ఒక్కసారైనా తిరిగి చూసి ఉంటే తెలిసేది.

డిసెంబరు 3, శుక్రవారం. సూర్యాపేట

అత్తమ్మకు చెప్పేశాను. అరుగు, టేపు, జీపు, సంతకం, క్యాంపు, అన్నీ. కొడుతుందనుకున్నాను. తిట్లైనా తిడుతుందనుకున్నాను.

గుడ్డల బుట్టలో పిల్లలు పాలు తాగుతుంటే చూస్తూ కూర్చుంది. తరవాత లేచి మొహం కడుక్కుంది. పెట్టెలోంచి ఉతికిన కోక తీసి కట్టుకుంది.

"కాటయ్యను ఎడ్లు ఇప్పొద్దను" అంది. "పెండ్లాన్ని కాదన్నడు. కన్నతల్లిని గూడ కాదంటడేమో సూస్త."